ఇద్దరు గ్రీకువాళ్ళ ప్యాంట్లు

నేను నిండుగా కొలతలు తీసిన మొదటి మగవాళ్ళిద్దరూ గ్రీకు దేశస్థులు. ఇద్దరి ఒంటి మీదా నూలుపోగు లేదు. ఇద్దరిలో ఒక్కడూ సిగ్గుపడలేదు. వాళ్ళ వంతు సిగ్గంతా భోపాల్‌పట్నం బస్టాండు పడింది.

మా ఆయనను ఈ లెక్కలో వేయను. ఆయన కిరండూల్ గనిలో ఫిట్టరు, సెలవు దొరికినప్పుడే ఇంటికొస్తాడు. పెళ్ళయిన కొత్తలో ప్యాంటు కుడతానని టేపు పట్టుకుని దగ్గరికి వెళితే, గిలిగింతలంటూ మంచం అవతలికి దూకాడు. ఇంకా టేపు తగలనే లేదు. అప్పటి నుంచి ఇప్పటి దాకా రెడీమేడ్లే వేసుకుంటున్నాడు.

మా బాపు మాత్రం మగవాళ్ళ టైలరు. బస్టాండు ఎదురుగా మా దుకాణం. ఛత్తీస్‌గఢ్ కొసన, ఇంద్రావతి నదికి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా 'మాస్టరు' అంటే ఆయనే. నేను ఆ దుకాణంలోనే పెరిగాను. బాపు గిరాకీ ఒంటి మీద టేపు వేసి కొలత కేక పెడితే, నేను స్టూలు మీద కూర్చుని సుద్దముక్కతో కటింగ్ బల్ల అంచున రాసేదాన్ని. "నడుం ముప్పై రెండూ!" అని ఆయన అరిచే అరుపు అవతల టీ కొట్టు దాకా వినిపించేది. పెద్దయ్యాక అదే దుకాణంలో పరదా కట్టి ఒక మూల ఆడవాళ్ళ జాకెట్లు కుట్టడం మొదలుపెట్టాను. మగవాళ్ళ ప్యాంట్లు కత్తిరించడం కూడా బాపు పక్కన నిలబడే నేర్చుకున్నాను. కత్తిరించనిచ్చేవాడు కానీ కొలత మాత్రం తీయనిచ్చేవాడు కాదు.

రెండేళ్ళ కింద బాపుకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట తిరిగొచ్చింది, మాట కంటే ముందు తిట్లు వచ్చాయి. కాలు కూడా కొంత కుదురుకుని గోడ పట్టుకోకుండా నడవగలిగాడు. చెయ్యి మాత్రం కత్తెర పట్టేంతగా రాలేదు. మొదట్లో రోజూ ప్యాంటు వేసుకుని దుకాణానికి బయలుదేరేవాడు. ఒళ్ళు ఎడమ కాలి మీద మోపి నిలబడటంతో కుడి తుంటి కిందికి జారి, ప్యాంటు కుడి కాలు నేల మీద ఈడ్చుకుపోయేది. ఒకరోజు బస్టాండు నడుమ అది చెప్పు కింద పడి ఆయన బోర్లా పడ్డాడు. లేపినవాళ్ళలో ఒకడు, "మాస్టరును మాస్టరు ప్యాంటే పడేసింది" అన్నాడు. నవ్వించడానికే అన్నాడు. వాడి భార్య జాకెట్టు కుట్టమని ఇస్తే నేను ఇప్పటికీ అన్నిటికన్నా అడుగున పెడతాను.

బాపు ఆ రోజు నుంచి లుంగీలోకి మారిపోయాడు. ఇంటి అరుగు దిగలేదు. ఊరందరికీ ప్యాంట్లు కుట్టిన మనిషి ఒక్క ప్యాంటూ వేసుకోలేక కూర్చున్నాడు. కొన్నాళ్ళకి దుకాణం మొబైలు ఫోన్లు అమ్మే ఒకతనికి ఇచ్చేస్తానన్నాడు.

"మగోళ్ళ దుకాణం నేను నడుపుత బాపు" అన్నాను.

"కొలతలెవలు తీస్తరు?"

"నేనే తీస్త."

"వాళ్ళు తియ్యనియ్యాలె గద బిడ్డా."

అదే నాకు మంట. ఎందుకంటే అది నిజం. మా ఊరి మగవాళ్ళు నన్ను చెల్లె అంటారు, అక్కా అంటారు, బాకీ అడిగితే అమ్మా అని కూడా అంటారు. టేపు తీస్తే మాత్రం రెండడుగులు వెనక్కి వేస్తారు. పాత ప్యాంటొకటి సంచిలో కుక్కి తెచ్చి, దొంగసొత్తు పడేసినట్టు బల్ల మీద పడేసి, "గిది ఆది చెల్లె, గిట్లనే కుట్టు" అని చెప్పి వెళ్ళిపోతారు. ఆ ఆది ప్యాంటు ఏనాటిదో. అది కుట్టించినప్పటి పొట్ట వేరు, ఇప్పటి పొట్ట వేరు. కొత్తది బిగుతయిందని మళ్ళీ నన్నే అంటారు. అట్లా అన్నవాళ్ళు తర్వాత రావడం మానేశారు.

చివరికి బాపు ఒక మాట ఇచ్చాడు. "ఎండకాలం పెండ్లిళ్ళు అయిపోయేదాక చూస్త. ఒక్క మగోడన్న నీ ముంగట నిలబడి కొలత ఇయ్యాలె. ఆ ప్యాంటు నేను చూసి మంచిగున్నదనాలె. అట్లయితే దుకాణం నీది. లేకుంటే తాళంచెయ్యి ఆ ఫోన్లాయనకిస్త."

అప్పుడు దిగారు గ్రీకువాళ్ళు.

మా ఊళ్ళో బీడీలకు అమ్మే తునికాకు మీద నాలుగు రాళ్ళు వెనకేసుకున్న ప్రతివాడూ సేఠే. అట్లాంటి సేఠ్ ఒకాయన మా దుకాణానికి కాస్త అవతల ఫంక్షన్ హాలు కట్టాడు. గేటుకు అటూ ఇటూ బొమ్మలు కావాలని హైదరాబాదులో ఫైబరు విగ్రహాలు చేసేవాడికి ఫోను చేసి, "పాతకాలపు గ్రీకు బొమ్మలు రెండు పంపు, ఒకదాని లెక్క ఒకటి ఉండొద్దు" అని చెప్పాడట. ఏదో హోటల్లో కుండతో నీళ్ళు పోస్తున్న అమ్మాయిల బొమ్మలు చూసి వాటినే గ్రీకు అనుకున్నాడు. ఆ చేసేవాడు నిజాయితీపరుడు. నిజంగానే పాతకాలపు గ్రీకువాళ్ళను, ఒకడిలా ఒకడు లేకుండా పంపాడు. లారీ మీద వచ్చినవాళ్ళు పొద్దున్నే బొమ్మలను సిమెంటు దిమ్మెల మీద నిలబెట్టి, పాదాలకు బోల్టులు బిగించి, చుట్టిన గోనెలు విప్పి, సేఠ్ నిద్ర లేచేలోపు వంతెన దాటేశారు.

సేఠ్ లేచి వచ్చి చూశాడు. మనిషి ఎత్తు మగవాళ్ళిద్దరు, సున్నం వేసినంత తెల్లగా, పుట్టినప్పుడు ఎట్లా ఉన్నారో అట్లాగే నిలబడి ఉన్నారు. అప్పటికే బస్టాండు సగం అక్కడ ఉంది. మధ్యాహ్నానికి పేర్లు కూడా పడ్డాయి. బడిలో డ్రిల్లు చేసినట్టు ఒకడు బిగుసుకుపోయి నిలబడ్డాడు గనక వాడు సావధాన్. రెండోవాడు ఒళ్ళు వదిలేసి నిలబడ్డాడు గనక విశ్రామ్.

ఆ రోజు వారపు అంగడి. ఇప్పపువ్వు గంపలతో అడవి ఊళ్ళ నుంచి వచ్చిన ఆడవాళ్ళిద్దరు గేటు ముందు ఆగారు. మా వైపు దారి పక్కన మనిషి రూపం నిలబెట్టారంటే పోయినవాళ్ళ గుర్తుకే నిలబెడతారు. బట్టలు లేకపోవడం వాళ్ళకు పట్టలేదు. వాళ్ళలో పెద్దావిడ సేఠ్‌ను చూసి జాలిగా, "ఎవరయ్యా పోయింది? ఇద్దరూ వయసు పిల్లలే, పాపం" అంది. పెళ్ళిళ్ళకు హాలు కట్టినాయనకు అంతకంటే పెద్ద మాట ఏముంటుంది? సేఠ్ పొద్దంతా అన్నం తినలేదని విన్నాను.

మొదట నడుం నుంచి కిందికి తునికాకు గోనెలు చుట్టించాడు. దాంతో అంతవరకూ పట్టించుకోనివాళ్ళు కూడా ఆగి, లోపల ఏముందని అడగడం మొదలుపెట్టారు. తర్వాత పంచెలు కట్టించాడు. ఫైబరు నున్నగా ఉంటుంది, పంచె నిలవదు. హాలు పూజ రోజున సేఠ్ వాళ్ళమ్మ హారతి పళ్ళెం పట్టుకుని గేటు దగ్గరికి వచ్చేసరికి, బీజాపూర్ లారీ ఒకటి జోరుగా పోయింది. ఆ గాలికి సావధాన్ పంచె జారి ముసలమ్మ పాదాల దగ్గర పడింది. ఆవిడ తలెత్తి, తీరిగ్గా చూసి, "వీనికి నడుమే లేదు కదరా, పంచె ఎట్ల ఆగుతది?" అని కొడుకును కోప్పడింది. టైలరు కూతురిగా చెబుతున్నాను, ఆవిడ చెప్పింది సరిగ్గా చెప్పింది.

మర్నాడు సేఠ్ చంకలో పాత ప్యాంటొకటి పెట్టుకుని మా దుకాణానికి వచ్చాడు.

"చెల్లె, మూడు ప్యాంట్లు గావాలె. ఒకటి నాది, గిదిగో ఆది. రెండు ఆళ్ళయి" అని గడ్డంతో గేటు వైపు చూపించాడు.

"ఆళ్ళ ఆది తేలేదా?" అన్నాను.

"ఆళ్ళకాడ యాడిది చెల్లె?"

"మరి కొలతలు తియ్యాలె. నీవి సుత తీస్త, నిలబడు."

సేఠ్ అప్పటికే ఆది బల్ల మీద పడేసి మెట్లు దిగుతున్నాడు. "ముందు ఆళ్ళయి కానియ్యి!" అని రోడ్డు మీది నుంచి అరిచాడు.

స్టూలూ టేపూ సుద్దముక్కా పట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళాను. పట్టపగలు, నడిబస్టాండు. నాకు సిగ్గు లేదని కాదు. సిగ్గు కంటే దుకాణం పోతుందన్న భయం పెద్దది. సేఠ్ వాళ్ళమ్మ కుర్చీ వేయించుకుని పక్కనే కూర్చుంది. కాపలా కోసమని చెప్పింది కానీ, కుర్చీ మాత్రం బాగా కనిపించే చోట వేయించుకుంది.

ముందు సావధాన్. వాడి చేతులు రెండూ తొడలకు అతుక్కుని ఉన్నాయి, పిడికిళ్ళు బిగించి ఉన్నాయి. ఎడమ కాలు కొంచెం ముందుకు వేశాడు కానీ అది నడక కాదు. అడుగు ముందుకు పడితే తుంటి కదలాలి, వాడి తుంటి కదల్లేదు. జుట్టు పూసల దండలు వేలాడదీసినట్టుంది. పొట్ట మీద కండలు నిజం కండలు కావు, ముగ్గు గీతలు. పెదవుల మీద చిన్న నవ్వుంది. ఆధార్ కార్డు ఫోటోకి కూర్చున్నవాడిని నవ్వొద్దని కసిరాక కూడా మొహాన మిగిలిపోయే నవ్వు అది. కుడి పక్క ఎంతో ఎడమ పక్క అంతే, వెంట్రుకవాసి తేడా లేదు. ఇట్లాంటి గిరాకీ బాపుకి కలలో కూడా వచ్చి ఉండడు.

విశ్రామ్ ఒళ్ళంతా వేరు. బరువు మొత్తం కుడి కాలి మీద వేసి, ఎడమ కాలు మడిచి వెనక్కి వదిలేశాడు, మడమ లేచి ఉంది. ఒక చెయ్యి కిందికి వేలాడుతోంది, రెండో చెయ్యి మడిచి పిడికిలి పట్టాడు. అందులో ఈటె ఉండాలట, అది లారీలోనే ఎక్కడో పోయింది. వీడి కండలు గీతలు కావు, చర్మం కింద నిజంగా ఉన్నట్టే ఉన్నాయి. తల పక్కకు తిప్పి ఉంది. మొహంలో నవ్వు లేదు. పెళ్ళిలో మొదటి బంతి ఎప్పుడు లేస్తుందా అని చూసేవాడి మొహం.

"ఈడు మనిషి లెక్కున్నడు. ఆడు బొమ్మ లెక్కున్నడు" అంది సేఠ్ వాళ్ళమ్మ. ఇద్దరూ బొమ్మలేనని నేను అనలేదు. నాకూ అట్లాగే అనిపించింది.

బాపు నేర్పినట్టే ఇద్దరికీ నడుం, సీటు, తొడ, కుడి కాలు పొడవు తీశాను. టైలర్లెవరైనా ఒక కాలే కొలుస్తారు. గుడ్డ మడత పెట్టి కత్తిరిస్తే రెండు కాళ్ళూ ఒకేసారి వస్తాయి. నల్లగుడ్డతో రెండు ప్యాంట్లూ కుట్టి, ఇస్త్రీ చేసి, గర్వంగా గేటు దగ్గరికి తీసుకెళ్ళాను. తీసుకెళ్ళి నిలబడిపోయాను. పాదాలు దిమ్మెకు బిగించి ఉన్నాయి. పుట్టిన దగ్గర్నుంచీ ప్యాంట్ల మధ్య పెరిగినదాన్ని, ప్యాంటు వేసుకోవాలంటే మనిషి కాలు ఎత్తాలన్న సంగతి నాకు తట్టనే లేదు. గిరాకీ కాలు ఎత్తుతాడా లేదా అని ఏ టైలరు మాత్రం అడుగుతాడు?

"కాళ్ళు లేపమను" అని సలహా ఇచ్చింది సేఠ్ వాళ్ళమ్మ.

దారి ఒక్కటే ఉంది. లోపలి కుట్టు ఒక కాలి చివరి నుంచి ఇంకో కాలి చివరి దాకా, దానితోపాటు ముందు కుట్టు కూడా విప్పేసి, వెనక నుంచి గుడ్డ చుట్టి, మళ్ళీ వాళ్ళ ఒంటి మీదనే సూదితో కుట్టాలి. ఎక్కడ కూర్చుని, ఏ వైపు చూస్తూ కుట్టాలో మీరే ఊహించుకోండి. ఆ రోజు బీజాపూర్ బస్సు టైముకే వచ్చింది, ఎక్కేవాళ్ళే లేరు. డ్రైవరు కూడా దిగి వచ్చాడు. సావధాన్ పిడికిళ్ళు తొడలను వదలవు కాబట్టి, జేబుల దగ్గర చీల్చి చేతులు లోపలికి పోనిచ్చి చుట్టూ కుట్టాను. జేబులో చేతులు పెట్టుకుని, చిన్నగా నవ్వుకుంటూ, అత్తారింటికి వచ్చిన కొత్త అల్లుడిలా తయారయ్యాడు. జనం చప్పట్లు కొట్టారు.

విశ్రామ్ దగ్గర మాత్రం చప్పట్లు ఆగిపోయాయి. కుడి కాలు దిట్టంగా దిగింది. ఎడమ కాలు పాదం మీద ముడతలు ముడతలుగా కుప్పపడింది. పైకి లాగితే నడుం వంకరయింది, నడుం సరిచేస్తే కాలు మళ్ళీ జారింది. అట్లా దిగజారిన ప్యాంటు కాలిని నేను ఎక్కడో చూశాననిపించింది కానీ, అంతమంది ముందు ఆలోచించే తీరిక లేకపోయింది. అట్లాగే కుట్టేసి ఇంటికొచ్చాను.

ఫోన్లో ఫోటోలు తీసి బాపుకి చూపించాను. ఎడమ చేతి వేళ్ళతో పెద్దవి చేసుకుని చూశాడు. సావధాన్‌ను దాటేశాడు. విశ్రామ్ దగ్గర ఆగాడు.

"ఎడమ కాలు నేల ఊడుస్తున్నది."

"నీ లెక్కనే తీసిన బాపు. వాడే వంకరగ నిలబడ్డడు, నేనేం జేస్త?"

బాపుకి కోపం వచ్చింది. జబ్బు చేశాక అంత గట్టిగా మాట్లాడటం అదే మొదటిసారి. "గిరాకిని అనకు! గిరాకిని ఎన్నడనొద్దు. ఎట్లున్నోనికి అట్ల కుట్టాలె. తప్పెప్పుడు కత్తెరదే."

నాకు రోషం వచ్చింది. మర్నాడు దుకాణంలో కూర్చుని, నెట్ అందినంతసేపు ఈ గ్రీకువాళ్ళ సంగతేమిటో చూశాను. రెండు వేల అయిదు వందల ఏళ్ళ కిందటి మాట. సావధాన్‌లాంటివాళ్ళు ముందటి కాలం వాళ్ళు. వాళ్ళను కొన్నిసార్లు చనిపోయిన కుర్రవాళ్ళ సమాధుల మీద నిలబెట్టేవాళ్ళట. అంగడికొచ్చిన ఆ పెద్దావిడ గుర్తొచ్చి నాకు నవ్వాగలేదు. ఈ ముక్క సేఠ్‌కి ఇప్పటికీ చెప్పలేదు, మీరూ చెప్పకండి. విశ్రామ్‌లాంటివాళ్ళు ఆ తర్వాత వచ్చారు. నిలబడ్డ మనిషి తుంటి కాస్త పక్కకు వంచడానికి గ్రీకు శిల్పులకు తరాలు పట్టిందట. మా ఊరి మగవాళ్ళకు బస్సు లేటయితే చాలు. ఇంకా తర్వాతి కాలంలో ముసలివాళ్ళను, అలసిపోయినవాళ్ళను, పొట్టలు జారినవాళ్ళను కూడా శ్రద్ధగా చెక్కారట. ఆ బొమ్మల మీద నాకు వెంటనే ప్రేమ పుట్టింది.

తలెత్తి బస్టాండు చూశాను. పదిమంది మగవాళ్ళు నిలబడి ఉన్నారు, పదిమందీ విశ్రామ్‌లే. ఒకడు ఒక కాలి మీద వాలాడు, ఇంకొకడు తుంటి మీద సంచి ఆనించుకున్నాడు. అదే మగవాడు బాపు టేపు తీయగానే ఏం చేసేవాడో చిన్నప్పటి నుంచీ చూశాను. ఊపిరి బిగబట్టి, చేతులు తొడలకు ఆనించి, సావధాన్ అయిపోయేవాడు. కొలత ఇచ్చేటప్పుడు ఒకడు, వేసుకునేటప్పుడు ఇంకొకడు. ఇన్నేళ్ళూ మేం సావధాన్‌కి కుట్టి విశ్రామ్‌కి తొడిగాం.

టేపు తీసుకుని గేటు దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. ఈసారి విశ్రామ్ కాళ్ళు రెండూ విడివిడిగా కొలిచాను. గుడ్డ మడత పెట్టకుండా ఏ కాలికి ఆ కాలు కత్తిరించాను. నడుంపట్టీ ఒక పక్క ఎత్తుగా, ఒక పక్క పల్లంగా వేశాను. బల్ల మీద పరిస్తే ఆ ప్యాంటు ఎవరో తాగి కుట్టినట్టుంది. వాడికి తొడిగితే రెండు అంచులూ పాదాల మీద ఒక్కలాగే ఆగాయి. సేఠ్ వాళ్ళమ్మ కుర్చీలోంచి లేచి వాడి చుట్టూ తిరిగి చూసి, "ఇగ వీనికి పిల్లనియ్యొచ్చు" అంది. ఖాళీ పిడికిట్లో సేఠ్ 'స్వాగతం' బోర్డు దూర్చాడు.

కొత్త ఫోటోను బాపు పెద్దది చేసుకుని రెండు అంచులూ చూశాడు. నాకు ఆశ పుట్టింది. అప్పుడన్నాడు, "మంచిగున్నది. కానీ బొమ్మ గద బిడ్డా. కూసోదు, లేవదు, పడదు. నేనన్నది మనిషి."

పెళ్ళిళ్ళు అయిపోవచ్చాయి. మగవాళ్ళు గేటు దగ్గర ప్యాంట్లను మెచ్చుకుని, నా బల్ల మీద మాత్రం ఆదులే పడేసి పోతున్నారు. ఫోన్లాయన వచ్చి అరలు ఎక్కడెక్కడ పెట్టుకోవాలో చూసుకుని వెళ్ళాడు. ఆ పూట నేను దుకాణం మూసి ఇంటికొస్తూ దారి పొడుగునా ఏడ్చాను. ఇంటికొచ్చేసరికి బాపు అరుగు మీదికి వస్తూ గుమ్మంలో నిలబడ్డాడు. ఎడమ కాలి మీద ఒరిగి, కుడి తుంటి జారి, కుడి కాలు వెనక ఉండిపోయి. దిగజారిన ఆ కాలిని ఎక్కడ చూశానో అప్పుడు అర్థమైంది. నా మీద నాకే కోపం వచ్చింది.

"బాపు, నీ కొలత ఇయ్యి" అన్నాను.

"నా ఒళ్ళు వంకర పోయింది. దానికి ప్యాంటేం జేస్తది?"

"గిరాకిని అనొద్దు. ఎవలన్నరు ఆ మాట?"

బాపు గుమ్మం పట్టుకుని మెల్లగా నిటారుగా నిలబడబోయాడు. కుడి తుంటిని పైకి లాగుతున్నాడు, దవడ బిగించాడు, నుదుటి మీద చెమట పట్టింది. జీవితమంతా మగవాళ్ళను తన ముందు సావధాన్‌గా నిలబెట్టిన మనిషి, కూతురి ముందు సావధాన్‌గా నిలబడటానికి పాట్లు పడుతున్నాడు.

"అట్ల గాదు బాపు. నువ్వు ఎట్ల నిలబడుతవో అట్లనే నిలబడు."

నా మొహంలోకి చూశాడు. గుమ్మం వదిలేశాడు. ఒళ్ళు దాని చోటికి అది వెళ్ళి కుదురుకుంది. నేను మోకాళ్ళ మీద కూర్చుని ఎడమ కాలు కొలిచాను, తర్వాత కుడి కాలు కొలిచాను. నడుం దగ్గరికి వచ్చేసరికి బాపు లాగే గట్టిగా కేక పెట్టాను.

"గంత గట్టిగ ఒర్రకు" అన్నాడు. "నా నడుమెంతనో వాడకంతా తెల్వాల్నా?"

ప్యాంటు ఇచ్చిన రోజు తలుపు వేసుకుని లోపల చాలాసేపు ఉన్నాడు. సాయం చేస్తానంటే కసిరాడు. బయటికి వచ్చి అరుగు మీద నిలబడి కిందికి చూసుకున్నాడు. రెండు అంచులూ చెప్పుల మీద సమానంగా ఉన్నాయి. నాలుగడుగులు వేసి చూశాడు, వెనక్కి తిరిగి చూశాడు. ప్యాంటు కుడి కాలు ఎక్కడా ఈడ్చుకుపోవడం లేదు.

"సీటు కాడ జర లూజున్నది" అన్నాడు.

మా బాపు దగ్గర పనిచేసినవాళ్ళందరికీ ఆ మాట తెలుసు. ఒక్క తప్పు చూపించాడంటే మిగిలినదంతా ఒప్పుకున్నట్టు. ఆయన అప్పటికే అరుగు దిగాడు, నేను చెప్పులేసుకుని వెంట నడిచాను.

హాలు గేటు దగ్గర ఆగాడు. విశ్రామ్ ముందు నిలబడి వాడి ప్యాంటు అంచు ఎడమ చేత్తో తిరగేసి చూశాడు. వాడు కుడి కాలి మీద ఒరిగి ఉన్నాడు, ఈయన ఎడమ కాలి మీద.

"లోపలి కుట్టు చేత్తో ఏసినవా?"

"వాని కాళ్ళు లేవయి బాపు."

"నాయి లేస్తయి" అని బస్టాండు నడుమ నుంచి నడుచుకుంటూ వెళ్ళాడు. టీ కొట్టు దగ్గరున్నవాళ్ళు గ్లాసులు పట్టుకుని తిరిగి చూశారు. బాపు ఎవరి వైపూ చూడలేదు.

దుకాణం మెట్ల మీద సేఠ్ పాత ప్యాంటు చంకలో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. నేను ఆది ప్రకారం కుట్టిచ్చిన ప్యాంటు గుండీ పడటం లేదట. బాపును చూసి ఆయన ప్రాణం లేచొచ్చింది. "మాస్టరూ, నువ్వొచ్చినవ్ మంచిగయింది, జర చూడు" అని ఆది చేతిలో పెట్టబోయాడు. బాపు ఆ పాత ప్యాంటు తీసుకుని సేఠ్ భుజం మీదనే వేశాడు. నడుం దగ్గర దోపుకున్న తాళంచెవితో దుకాణం తీసి, బల్ల మీది టేపు నాకిచ్చాడు. రాత్రి కాగానే నా దగ్గర తిరిగి తీసుకునే ఆ తాళంచెవిని నా మెషిను మీద పెట్టాడు. తర్వాత వెళ్ళి, చిన్నప్పుడు నేను కూర్చునే స్టూలు మీద కూర్చుని, సుద్దముక్క అందుకున్నాడు.

"నిలబడు సేఠ్" అన్నాను.

సేఠ్ లేచి ఊపిరి బిగబట్టి, పొట్ట వీపుకి అంటించి, చేతులు తొడలకు ఆనించి సావధాన్ అయిపోయాడు.

"అట్ల గాదు. గాలి ఇడువు. ఎట్లుంటవో అట్ల నిలబడు" అన్నాను.

సేఠ్ నన్ను చూశాడు, బాపును చూశాడు, గేటు దగ్గరున్న తన మనుషులిద్దరినీ చూశాడు. ఊపిరి వదిలేశాడు. పొట్ట తన చోటికి తను వచ్చింది. నేను టేపు చుట్టూ వేసి, టీ కొట్టు దాకా వినిపించేలా అరిచాను.

"నడుం నలభై నాలుగూ!"

బాపు బల్ల అంచున, ఒకప్పుడు నేను రాసిన చోటే, ఎడమ చేత్తో రాసుకున్నాడు. నాలుగులు రెండూ ఒక పక్కకు ఒరిగాయి. చదువుకోవచ్చు.